తినకుండానే తిన్నానన్నవాడు

ఒకానొక రాజ్యంలో ఆకలన్నదే లేదట. ఎవరన్నారయ్యా అంటే, సాక్షాత్తూ రాజుగారే అన్నారు!

రెండేళ్లుగా వానల్లేవు. ధాన్యపు కొట్లు తెరిపించమని విదూషకుడు కోనప్ప మొత్తుకుంటుంటే, రాజు మల్లభూపతి మీసం దువ్వుకున్నాడు.

"ఏడూళ్లు తిరిగి నేనే స్వయంగా అడిగానోయ్. తిన్నారా అంటే ప్రతివాడూ 'అయింది ప్రభూ' అన్నవాడే!"

"మరి వాళ్ల డొక్కలు వీపుకంటుకున్నాయే?"

"ఒంటి తీరు," అన్నాడు ఆస్థాన పండితుడు అహోబలశాస్త్రి.

"నిన్న దారిలో ఒకడు పడి చచ్చాడే?"

"పొరుగు రాజ్యంవాడై ఉంటాడు. అయినా ఒకడు పడిపోతే సిద్ధాంతం పడిపోతుందా?"

కోనప్పకి ఒళ్లు మండింది. "పోనీ, ఏం చూస్తే ఒప్పుకుంటారో సెలవియ్యండి ప్రభూ!"

"తినకుండానే తిన్నానని చెప్పే మొనగాణ్ణి ఒక్కణ్ణి చూపించు. కొట్లు తెరిపిస్తాను. లేకపోతే నీ కొలువు ఊడినట్టే."

మర్నాడు కోనప్ప రాజుకు మారువేషం వేయించి, పొద్దున్నే ఊళ్లమీదికి బయల్దేరదీశాడు. ఫలహారం మూట మాత్రం 'మరిచిపోయాడు'. పొద్దు వాలేసరికి రాజు కళ్లు బైర్లు కమ్మి ఒక గుడిసె ముందు కూలబడ్డాడు.

లోపల ఒక ముసలమ్మ ముంత అడుగున ఉన్న గంజి తాగబోతూ ఆగింది. "భోంచేశారా నాయనా? రండి, తలా గుక్కెడు తాగుదాం."

రాజు ఆ ముంతలోకి చూశాడు. కడుపులో ఎలకలు పరిగెడుతున్నా నోరు మాత్రం, "అయిందమ్మా, ఇప్పుడే," అనేసింది.

తన మాట తన చెవిన పడగానే రాజుకు తల కొట్టేసినట్టయింది. ఏడూళ్లలో విన్న 'అయింది ప్రభూ'లన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. అప్పుడు మీసం దువ్వుకున్నందుకు సిగ్గుతో చచ్చిపోయాడు. కోనప్ప మెల్లగా చెయ్యి పట్టి లేవదీశాడు. రెండు తిట్టినా బాగుండుననిపించింది రాజుకి.

"ఒక్కణ్ణి చూపించమంటే నన్నే చూపించావు కదటోయ్," అన్నాడు చివరికి, తల ఎత్తకుండానే.

మర్నాడు తెల్లవారకముందే సభ తీర్చి, కొట్లు తెరవమన్నాడు. శాస్త్రి అడ్డుపడి మధ్యాహ్నం దాకా వాదించాడు. "ఒక్క దృష్టాంతంతో సిద్ధాంతం కూలదు ప్రభూ! తమరు మొహమాటపడ్డారని అందరూ పడతారా?"

"నిజమే. ఎండ నడినెత్తికొచ్చింది. ఇంతకీ మీ భోజనం అయిందా శాస్త్రిగారూ?"

"చిత్తం, అయింది ప్రభూ!"

తెల్లవారుజామునుంచీ ఆయన అక్కడే ఉన్నాడని ఎరిగిన సభంతా గొల్లున నవ్వింది. రాజూ పగలబడి నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు.

"ఏం కావాలో కోరుకో కోనప్పా."

"కొట్ల తాళంచెవులు ప్రభూ."

మొదటి బండి వెంట రాజే ముసలమ్మ గుడిసెకు వెళ్లాడు. తిన్నావా అని మాత్రం అడగలేదు. ముందు విస్తరి వెయ్యమన్నాడు.