జరిగే కర్ర, జరగని నుయ్యి

సముద్రపు ఒడ్డున, మొగలి పొదల ముందున్న పల్లపు ఇసుకలో ఎర్ర పీతలు కాపురముండేవి. వాటి పక్కనే జోగులు అనే నక్క బొరియ. పీతలూ తాబేలు గుడ్లూ గుమ్మంలోనే దొరుకుతుంటే ఏ నక్క ఊరు విడుస్తుంది? అప్పుడప్పుడూ ఒక పీత మాయమైతే, "పాపం, కెరటం లాక్కుపోయింది" అని అందరికంటే ముందు జోగులే ఏడ్చేవాడు.

ఆ చలికాలం ఉత్తరాన్నించి వచ్చిన ఉల్లంకి పిట్ట ఒక కబురు తెచ్చింది.

"అక్కడ మంచు కరిగిపోతోంది. సముద్రం పైకొస్తుంది. సరుగుడు తోపు మిట్టకు వెళ్ళిపోండి."

జోగులు పకపకా నవ్వాడు. "పడవవాళ్ళ పెట్టెలో నీళ్ళమీద తేలే ఐసు కరిగితే పెట్టె పొర్లిందా ఎప్పుడైనా?"

"తేలే ఐసు సంగతి కాదయ్యా. అక్కడ నేలమీదే కొండలంత మంచుంది. గట్టుమీది ఐసు తెచ్చి పెట్టెలో పోస్తే పొర్లదూ?"

"ఎక్కడి మంచు, ఎక్కడి మన ఒడ్డు! నమ్మకం లేకపోతే కొలుచుకోండి" అంటూ జోగులు పోటునీరు ఆగే చోటికి జానెడు ఎగువన ఒక కర్ర పాతాడు. "నీరు దీన్ని దాటితే అప్పుడు చూద్దాం."

రోజులు గడిచాయి. నీరు ఏనాడూ కర్రను దాటలేదు. దాటదు మరి! పాటుకు నీరు వెనక్కి పోయి, పీతలు మేతకు దిగువకు దిగగానే, జోగులు కర్ర పీకి కాస్త ఎగువన పాతేసేవాడు. పీతల పెద్ద అడ్డయ్య పిట్టను చూసి, "ఊరికే భయపెట్టావు" అని విసుక్కున్నాడు.

అమావాస్యనాటి పొద్దున గవరమ్మ వచ్చింది. ముసలి సముద్రపు తాబేలు. పుట్టిన ఒడ్డునే గుడ్లు పెట్టాలని ఎంతో దూరం ఈది వచ్చింది. ఒడ్డెక్కి అటూ ఇటూ చూసి నిలబడిపోయింది.

"అడ్డయ్యా, నా ఇసుకేదిరా?"

"ఇదేగా అప్పా! సముద్రం అంగుళం కదల్లేదు. కర్రే సాక్ష్యం."

"నేను పుట్టినకాడి నుంచీ చూస్తున్నా, ఎన్నడూ కదల్లేదు" అని జోగులు వంత పాడాడు.

"నక్క పుట్టి నాలుగు వారాలు కాలేదు, ఇంత గాలివాన ఎన్నడూ చూడలేదందట! కర్ర సంగతి సరేరా, మంచినీళ్ళ నుయ్యి ఎక్కడుంది?"

అడ్డయ్య కళ్ళు తిప్పి చూశాడు. దూరంగా కెరటాల మధ్య నూతి వర ఒకటి, విరిగిన పన్నులా.

గవరమ్మ గొంతు మెత్తబడింది. "నేను గుడ్డులోంచి బయటపడ్డది ఆ నూతి పక్కనే. జాలరి ఆడవాళ్ళు నీళ్ళు తోడుతుంటే చేదలోంచి చినుకులు పడేవి. వానేమో అనుకున్నాం అక్కచెల్లెళ్ళం. అక్కణ్ణించి సముద్రం ఎంత దూరమనీ! పాకీ పాకీ అలిసిపోయి, ఒకరి వీపుమీద ఒకరం తలపెట్టి పడుకున్నాం. ఇప్పుడు ఆ నూతిమీంచి ఈదుకుంటూ వచ్చాను."



"నుయ్యే... నుయ్యే సముద్రంలోకి జరిగింది" అని గొణిగాడు జోగులు.

"నేను అడ్డంగా నడుస్తాను గాని, నుయ్యి నడవడం మాత్రం చూళ్ళేదు" అన్నాడు అడ్డయ్య. "జరిగేది కర్రా, నుయ్యా?"

కర్ర చుట్టూ వెతికితే ఇసుకలో వరసగా పాత గుంటలు బయటపడ్డాయి. పక్కనే నక్క అడుగులు. మధ్యాహ్నానికల్లా పీతలన్నీ మిట్ట ఎక్కేశాయి.

"పొండి! రేపు మీరే తిరిగొస్తారు" అని జోగులు బింకంగా బొరియలో దూరాడు.

పొద్దుగూకే వేళ పోటొచ్చింది. కర్రను దాటింది, మొగలి పొదల్ని దాటింది. బొరియ కూలింది. దాచుకున్న ఎండుచేపలు నీటిపాలయ్యాయి. తడిసిన తోకతో జోగులు మిట్టమీదికొస్తే పీతలు వందల కొండీలు ఎత్తి నిలబడ్డాయి. చేసేదిలేక వాడు వాగు దాటి, ఆవలి ముళ్ళపొదల్లోకి పోయాడు.

ఆ పోటుమీదే గవరమ్మ పైకి వచ్చింది. సరుగుడాకు ఊడ్చి, గుంట తవ్వి గుడ్లు పెట్టింది. ఆమె కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి.

"ఇసుక బాగుందా అప్పా?" అన్నాడు అడ్డయ్య.

"ఆ వాసన లేదురా. ఆకు వాసన, పరాయి వాసన." గుంటమీద ఇసుక కప్పి మెల్లగా తట్టింది. "పోనీలే. నా పిల్లలకు ఇదే పుట్టినూరు."

నీతి: గుర్తును జరిపి తోటివారిని నమ్మించవచ్చు గాని, నీటిని నమ్మించలేం.