పనసకాయ ముందా, మంచినీళ్లు ముందా

ఏటి మలుపులో, తమలపాకు తోటల పచ్చదనంతో అలరారే ఒకానొక రాజ్యాన్ని ధీరవర్మ అనే ప్రభువు పాలించేవాడు. ఆయన దయాళువే. అయితే తన ఘనత మీద ఆయనకు మిక్కిలి మక్కువ. ఘనుడైన రాజు ఘనమైన వ్యవహారమే ముందు వినాలని తలచి, "పెద్ద తగవు ముందు, చిన్న మనవి తరువాత" అన్న శాసనాన్ని కొలువుకూటం వాకిట చెక్కించాడు.

ఆ శాసనం వచ్చింది మొదలు సామంతుల పొలిమేర తగాదాలు ఉదయమంతా సాగేవి. ఒక్క మాటతో తీరే మనవులు పట్టుకు వచ్చిన బీదసాదలు దీపాలు పెట్టేదాకా వాకిట కూర్చునేవారు.

ఒకనాడు ఆ వాకిట చెంగమ్మ అనే తోటమనిషి తడిగుడ్డ కప్పిన తమలపాకుల గంపతో కూర్చుని ఉంది. ఏరు పొంగి తోట పాడైన తరువాత ఆమె కోసిన మొదటి కోత అది. కోటలో ఆకు అమ్ముకునే అనుమతి చనిపోయిన భర్త పేర ఉండటంతో ద్వారపాలకుడు ఆమెను అడ్డగించాడు. అనుమతి ఆమె పేరుకు మారాలంటే రాజుగారు ఒక్క మాట అనాలి. ఆమె మనవి అందరికన్నా చిన్నది గనుక వంతు అందరికన్నా చివర.

కొలువుకు వెళుతున్న విదూషకుడు పేరిభట్టు ఆమెను చూసి ఆగాడు. "ఏమమ్మా, గంప నీడకు జరుపుకోరాదూ?"

"నీడకే జరిపాను సామీ. నీడే నిలవటం లేదు. అమ్మే అనుమతి నా పేరుకు మారేసరికి సాయంత్రమవుతుంది. అప్పటికి ఈ ఆకు పశువులు కూడా ముట్టవు. ఇంటిల్లిపాదికీ ఇదే ఆధారం" అంది చెంగమ్మ.

పేరిభట్టు గబగబా లోపలికి నడిచాడు.

లోపల రాజుగారి ముఖం చిన్నబోయి ఉంది. ప్రజలు వాకిట పడిగాపులు పడుతున్నారని వేగులవారు అప్పుడే విన్నవించారు. ప్రక్కన ఆస్థాన గణితవేత్త అనంతావధాని శాలువా సవరించుకుంటున్నాడు.

"అవధానిగారూ, వినేది నేనొక్కణ్ణే. ఎవరి మాటనూ నడుమ తుంచను. అయినా వీరి నిరీక్షణ తగ్గాలి. ఉపాయం చెప్పండి" అన్నాడు రాజు.

అవధాని వేళ్లు మడిచి, కళ్లు మూసి, తెరిచాడు. "అసాధ్యం, మహాప్రభూ. అన్ని వ్యవహారాలకూ పట్టే కాలం ఎంతో అంతే. ముందుది వెనక్కి, వెనకది ముందుకి మార్చినంత మాత్రాన కూడిక మారదు. ఏ వరుసలో కూడినా మొత్తం ఒక్కటే. ఇది చిన్నపిల్లలకు చెప్పే లెక్క."

"అయితే సాధ్యమని నేనంటాను" అన్నాడు పేరిభట్టు. "నేటి మధ్యాహ్నం వడ్డన నాకు అప్పగిస్తే చూపగలను."

"నీకు తిండి మీద ధ్యాస ఎప్పుడు తప్పింది గనుక?" అని నవ్వి, రాజు ఒప్పుకున్నాడు.

పొలిమేర తగాదా ఒకటి ముగించి, రాజు భోజనశాలకు వచ్చాడు. అవధాని కూడా ఆహ్వానితుడే. ఇద్దరి ముందూ అరటాకులు పరిచి ఉన్నాయి. ఆకుల్లో ఏమీ లేదు. చెంబులు కూడా వట్టివే.

కొంతసేపు చూసి, "వడ్డించేవాడేడీ?" అన్నాడు రాజు.

"వెనక వసారాలో ఉన్నాడు ప్రభూ" అన్నాడు పేరిభట్టు. "చేతులకు నూనె రాసుకుని పనసకాయ కొడుతున్నాడు. పొట్టు కొట్టాలి, ఉడికించాలి, ఆవ పెట్టాలి."

"అన్నం వార్చలేదా?"

"వార్చారు. నెయ్యీ కరిగింది. పప్పూ సిద్ధమే."

"మరి తేవచ్చు కదా?"

"అవి చిన్న పనులు, ప్రభూ. ఈ పూటకు వంటమనిషిని ఒక్కణ్ణే ఉంచాను. ఏలినవారి శాసనం ప్రకారం పెద్ద పని ముందు."

రాజు మీసం దువ్వుకున్నాడు. తన శాసనాన్ని తానే తప్పుపట్టడం ఎలాగ? వసారాలోంచి పొట్టు కొడుతున్న చప్పుడు తీరికగా వినవస్తోంది. అవధాని గొంతు ఎండిపోయింది. ఆయన రెండుసార్లు చెంబులోకి తొంగి చూశాడు.

చివరకు ఆగలేక, "ఏమిటయ్యా ఈ చోద్యం? ముందు ఇన్ని మంచినీళ్లు పోసి, అన్నం, పప్పు వడ్డించి, ఆనక ఆ పనసకాయ సంగతి చూసుకోమను. అప్పుడెవరికీ బాధ ఉండదు" అన్నాడు.

పేరిభట్టు చేతులు జోడించాడు. "ఏ వరుసలో కూడినా మొత్తం ఒక్కటే కదా, అవధానిగారూ?"

అవధాని మళ్లీ వేళ్లు మడిచి లెక్క మొదలుపెట్టాడు. పేరిభట్టు మెల్లగా అందుకున్నాడు. "మీరు కూడింది పనికి పట్టే కాలం. అది ఎటు కూడినా మారదు, నిజమే. ఎదురుచూపులను కూడలేదు మీరు. పనసకాయ ముందు పెడితే అన్నం, పప్పు, నెయ్యి, నీళ్లు అన్నీ దాని కోసం కాచుకోవాలి. నీళ్లు ముందు పోస్తే పనసకాయ కాచుకునేది చెంబు నిండేంత సేపే."

"మరి ఆ పెద్ద తగవువాడు నొచ్చుకోడా?" అన్నాడు రాజు.

"కొంచెం నొచ్చుకుంటాడు, ప్రభూ. కానీ ఆనాడు వచ్చిన మనవులన్నీ ఆనాడే వినడం తమ నియమం గనుక అతనికి అన్యాయం జరగదు. అతడు కాస్త ఓర్చుకుంటే వాకిలంతా తెరిపిన పడుతుంది."

"నిజం" అన్నాడు అవధాని నిష్కపటంగా. "లెక్క తప్పలేదు గాని, లెక్కించవలసినదాన్ని విడిచాను."

రాజు వట్టి విస్తరిని చూసుకున్నాడు. ముందు పెదవి చివర మొదలైన నవ్వు కడుపు పట్టుకునేదాకా వచ్చింది. "రాయి మీద చెక్కించాను కదయ్యా, దాన్నిప్పుడు తిరగేసి చెక్కించాలి. సరే, ముందు నీళ్లు తెప్పించు."

"నీళ్లకన్నా చిన్న పని ఒకటి వాకిట వాడిపోతోంది" అని పేరిభట్టు చెంగమ్మ సంగతి చెప్పాడు.

"అయితే ఆమెనే ముందు పిలువు" అన్నాడు రాజు.

చెంగమ్మ గంపతో వచ్చి, విస్తరి ముందు దప్పికతో కూర్చున్న రాజును చూసి తడబడింది. ఆమె నోరు తెరవకముందే, "అనుమతి ఇక నీ పేరనే, తల్లీ. ఆకు వాడకముందే పో" అన్నాడాయన.

ఆమె కళ్లు తుడుచుకుని, తడిగుడ్డ తొలగించి, లేత ఆకులు కొన్ని ఏరి పీట ప్రక్కన పెట్టి వెళ్లింది.

రాజు తన చేతి కంకణం తీసి పేరిభట్టుకు తొడిగాడు. "నిన్ను పొగడవలసింది చాలా ఉంది, భట్టూ. అది పెద్ద పని. పనసపొట్టు కూర కూడా తిన్నాక చూద్దాం."