లేని చేపకు మేత

పాలకొల్లులో వకుళ అనే పిల్ల ఉండేది. ఆ పిల్లకు చురుకైన చేతులున్నాయి గాని, ఆ చేతుల్ని కాసేపు ఊరికే ఉంచే ఓపిక లేదు. ఇడ్లీలు ఉడుకుతుంటే మూత తీసి చూసేది. కుండీలో బెండగింజ నాటి, మర్నాడే తవ్వి మొలకెత్తిందా అని చూసేది. మామ్మ తోడుపెట్టిన పాలగిన్నెను కూడా వదిలేది కాదు. తోడుకుందా లేదా అని గరిటెతో కదిపి చూసేది. ఆ ఇంట్లో పెరుగు గడ్డగా తోడుకున్న రోజు పండగ కింద లెక్క.

"ఒసేయ్, నువ్వు కెలికి చూస్తే గాని పెరుగు తోడుకోదని ఎవరు చెప్పారే నీకు?" అని మామ్మ కసిరేది.

"తోడుకుందో లేదో తెలియాలి కదా మామ్మా!" అనేది వకుళ.

వాళ్ళ వెనక వీధిలో లీలావతి అనే ఆవిడ ఉండేది. ఆవిడ భర్త బ్యాంకులో పనిచేసేవాడు. చుట్టరికం లేకపోయినా వకుళ ఆవిడను పిన్నిగారూ అని పిలిచేది. పిన్నిగారింట్లో పెద్ద గాజుతొట్టి ఉండేది. అందులో పచ్చటి నీటిమొక్కల మధ్య ఒక ఏంజెల్ చేప తిరిగేది. వెండిరంగు ఒళ్ళు, నల్ల చారలు, పైకి లేచిన పొడుగాటి రెక్కలు. చూడ్డానికి పడవలా ఉందని వకుళ దానికి తెరచాప అని పేరు పెట్టింది. గాజు మీద వకుళ వేలు పెడితే చాలు, తెరచాప ఎక్కడున్నా వచ్చి ఆ వేలి ఎదురుగా నిలబడేది. ఇంకెవరు వేలు పెట్టినా అలా రాదని వకుళ నమ్మకం. నిజమో కాదో గాని, కాదని చెప్పే ధైర్యం ఎవరికీ లేదు.

ఆ వేసవిలో పిన్నిగారి భర్తకు గౌహతికి బదిలీ అయింది. రోజుల తరబడి రైలు ప్రయాణం. చేపను తీసుకువెళ్ళడం కుదరదు. "కాలవలో వదిలెయ్యండి, హాయిగా బతుకుతుంది" అని ఎవరో సలహా ఇచ్చారు. పిన్నిగారికి ఒళ్ళు మండిపోయింది.

"ఇది మన గోదావరి చేప కాదండీ. ఎక్కడో వేరే దేశపు నదిది. కాలవలో పడేస్తే ఇదన్నా చస్తుంది, లేదా మన చేపల తిండికి పోటీ వస్తుంది. పెంచినవాళ్ళు చెయ్యాల్సిన పనేనా అది?" అంది.

"నాకివ్వండి పిన్నిగారూ, నేను పెంచుతాను!" అంది వకుళ.

పిన్నిగారు ఆలోచించింది. "ఇస్తానమ్మా. కాని నీళ్ళు పోసిన తొట్టి వేరు, చేప బతికే తొట్టి వేరు. ముందు తొట్టి పెట్టి నీళ్ళు కుదురుకోనివ్వు. మేం బయల్దేరే నాటికి సిద్ధమైతే తెరచాప నీది. కాకపోతే దుకాణంలో ఇచ్చేసి వెళ్తాను" అంది.

ఇన్ని మాటల్లో వకుళ చెవిన పడ్డది ఒక్కటే, 'ఇస్తాను' అన్న మాట.

ఆ సాయంత్రమే నాన్న చేత గాజుతొట్టి తెప్పించింది. గులకరాళ్ళు పరిచింది. కుళాయి నీళ్ళు నిండా పోసింది. నీళ్ళను స్పాంజిలోంచి లాగి వడకట్టే చిన్న మోటారు పెట్టింది. అక్కడితో ఆగిందా? లేదు. తెరచాప వచ్చేదాకా తొట్టి బోసిగా ఉండకూడదని దుకాణానికి పరుగెత్తి ఒక కవరు నిండా ఎర్రటి చిన్నచేపలు తెచ్చింది.

"పిన్నిగారు ఇంకేదో చెప్పారన్నావు?" అని అమ్మ అడిగింది.

"నీళ్ళు తేటగా ఉన్నాయి కదమ్మా! ఇంకేం కుదురుకోవాలి?" అంది వకుళ, కవరు విప్పుతూ.

కొన్నాళ్ళకే నీళ్ళు బియ్యం కడుగులా తెల్లబడ్డాయి. చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. ఆ ఇంట్లో ఏది మాసినా, ఏది మురిగినా ఒకటే మందు, పారబోసి తోమడం. వకుళ చేపల్ని బకెట్లో వేసింది. నీళ్ళన్నీ పారబోసింది. రాళ్ళూ స్పాంజీ సబ్బుపెట్టి, అమ్మ మెచ్చుకునేలా తోమింది. మళ్ళీ కుళాయి నీళ్ళు పోసింది. బ్లీచింగ్ వాసన గుప్పుమన్నా పట్టించుకోలేదు. తళతళలాడే తొట్టిలో చేపల్ని వదిలి, చేతులు దులుపుకుంది.

మర్నాడు పొద్దున చూస్తే ఒక్కటీ బతికి లేదు.

వకుళ వెక్కి వెక్కి ఏడ్చింది. కబురు విని పిన్నిగారు వచ్చింది. తొట్టిని చూసింది, స్పాంజిని చూసింది. తిట్టి ఉంటే వకుళకు బాగుండేది. ఆవిడ తిట్టలేదు.

"చేపలు తినే చోటే విసర్జిస్తాయమ్మా. ఆ మలినం నీళ్ళలో విషమవుతుంది, కంటికి కనపడదు. దాన్ని తినేసే సూక్ష్మజీవులు స్పాంజిలోనూ రాళ్ళ మీదా కాపురముంటాయి. కొత్త తొట్టిలో అవి పెరగడానికి వారాలు పడుతుంది. నువ్వు ఆగలేదు. పెరిగిన కాసిన్నిటినీ సబ్బుతో కడిగేశావు. కుళాయి నీళ్ళను బ్లీచింగ్ ఘాటు పోయేలా ఒక రోజైనా ఊరికే ఉంచకుండా పోసేశావు. పాపం, అవేం చేస్తాయి?"

"అయితే తెరచాపను ఇవ్వరా?" అంది వకుళ.

"ఈ తొట్టిలోకి ఇవ్వను."

వకుళ కళ్ళు తుడుచుకుంది. "మీ ప్రయాణానికి ఇంకా టైముంది కదండీ. మళ్ళీ మొదట్నించి పెడతాను. మీరొచ్చి చూసి సరేనంటేనే ఇవ్వండి. లేకపోతే వద్దు" అంది.

ఆ గొంతులో ఎప్పుడూ ఉండే గాభరా లేదు. పిన్నిగారు అది గమనించింది. ఇంటికి వెళ్ళి తన తొట్టిలోని పాత స్పాంజిని సగం కోసి, తొట్టి నీళ్ళలోనే ముంచి తెచ్చింది. గోధుమరంగు జిగురుతో అది అసహ్యంగా ఉంది. అమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"దీన్ని కడగొద్దు. ఇలాగే నీ మోటారుకు పెట్టు. ఆ జిగురులోనే ఉంది ప్రాణమంతా" అంది పిన్నిగారు.

వకుళ ఆ స్పాంజి వంక చూసింది, వంటింటి గడపలో నిలబడ్డ మామ్మ వంక చూసింది. "అంటే ఇది తోడా పిన్నిగారూ?"

పిన్నిగారు నవ్వేసింది. "తోడేనమ్మా! అంతకంటే బాగా నేనూ చెప్పలేను."

"అయితే కదపకుండా ఉంటే తోడుకుంటుంది. ఉండగలవటే?" అంది మామ్మ.

"ఉంటాను."

"చూద్దాం" అంది మామ్మ. ఆవిడ పెరుగుగిన్నెలు ఎన్ని పాడయ్యాయో ఆవిడకే తెలుసు మరి.

రోజంతా బకెట్లలో ఉంచిన నీళ్ళు ఈసారి తొట్టిలోకి వెళ్ళాయి. పాత స్పాంజి మోటారుకెక్కింది. ఇక రోజూ పొద్దున వకుళ ఖాళీ తొట్టిలో చిటికెడు చేపల మేత వేసేది. ఆ మేత కుళ్ళితే సూక్ష్మజీవులకు తిండి దొరుకుతుందని పిన్నిగారు చెప్పింది. కాని వీధికి ఈ సంగతి ఎవరు చెప్పాలి? చేపల్లేని తొట్టిలో మేత వేస్తున్న పిల్లను చూడ్డానికి పనిమాలా వచ్చిపోయేవాళ్ళు.

"ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగమట! లేని చేపకు మేతేమిటే?" అని పక్కింటావిడ పగలబడి నవ్వింది. వకుళకు ముఖం ఎర్రబడింది. అయినా మర్నాడూ మేత వేసింది.

నీళ్ళు మళ్ళీ తెల్లబడ్డాయి. పారబోసి తోమాలని చేతులు దురదపెట్టాయి. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుందే గాని తొట్టిని ముట్టలేదు. వారం తిరిగేలోపే నీళ్ళు వాటంతటవే తేరుకున్నాయి. పిన్నిగారు ఒక గాజుగొట్టంలో కాసిని నీళ్ళు పట్టి, పరీక్ష మందు చుక్కలు వేసేది. నీళ్ళు పసుపురంగుకు మారితే విషం లేనట్టు, ఆకుపచ్చగా మారితే ఉన్నట్టు. పచ్చగా మారేది. "ఇంకా ఉంది" అనేది పిన్నిగారు. "ఉండనివ్వండి" అనేది వకుళ.

ఇలా ఉండగా తాడేపల్లిగూడెం నుంచి బాబాయి వచ్చాడు. పిల్ల చేపలు చచ్చిపోయి ఏడ్చిందని విని, బస్టాండు దగ్గర దిగీదిగగానే బంగారు చేపలు కొని, పెద్ద కవరు ఊపుకుంటూ వచ్చాడు. వీధిలో పిల్లలంతా వెంటపడ్డారు.

"వకుళమ్మా, ఇవిగో! వేసెయ్ తొట్టిలో!" అన్నాడు.

"వెయ్యవే, వెయ్యవే!" అని పిల్లలు గోల పెట్టారు.

కవరులో చేపలు మెరిసిపోతున్నాయి. వకుళ చెయ్యి దానంతటదే కవరు ముడి మీదికి వెళ్ళింది. ఒక్క లాగు లాగితే చాలు. నవ్విన వీధంతా నోరు మూసుకుంటుంది. అంతలో తొట్టిలో వెల్లకిలా తేలిన ఎర్రచేపలు గుర్తొచ్చాయి. చెయ్యి వెనక్కి తీసుకుంది.

"వద్దు బాబాయ్. పరీక్షలో ఇంకా పచ్చగానే వస్తోంది."

"పచ్చేంటే? నీళ్ళు అద్దంలా ఉంటేనూ!"

"అప్పుడూ అద్దంలాగే ఉన్నాయి బాబాయ్."

బాబాయి ముఖం చిన్నబోయింది. "ఏంటే అది, ముచ్చటపడి తెస్తే బాబాయి మనసు కష్టపెడతావా?" అని అమ్మ కోప్పడింది.

వకుళకు ఏడుపొచ్చింది గాని మాట మారలేదు. "బాబాయి మనసు సాయంత్రానికి సర్దుకుంటుందమ్మా. ఇవి చస్తే మళ్ళీ రావు. పద బాబాయ్, కొన్నచోటే ఇచ్చేసి వద్దాం."

నాన్న స్కూటరు మీద ఇద్దరూ వెళ్ళారు. వకుళ కవరును ఒళ్ళో పెట్టుకుని కదలకుండా పట్టుకుంది. దుకాణం అతను సణుగుతూనే చేపల్ని వెనక్కి తీసుకున్నాడు. తిరిగొస్తూ బాబాయి చెరుకురసం బండి దగ్గర ఆపి, "అచ్చం మీ మామ్మ పంతమేనే నీది" అని నవ్వాడు. అలా సాయంత్రం కాకముందే బాబాయి మనసు సర్దుకుంది.

పిన్నిగారింట్లో సామాను మూటలకెక్కింది. గాజుగొట్టం మాత్రం ఇంకా పచ్చగానే ఉంది. వకుళకు అన్నం సయించడం లేదు. "తయారుకాకపోతే?" అని మామ్మను అడిగింది.

"కాకపోతే కాదు. అది వేరేచోట బతుకుతుంది. ఆ మాటకు నిలబడగలవా?"

వకుళ తొట్టి వంక చూసింది. "నిలబడతాను" అంది.

ప్రయాణానికి ముందురోజు పిన్నిగారు చుక్కలు వేసింది. గొట్టంలో నీళ్ళు లేత నిమ్మపండు రంగుకు మారాయి. మలినం నుంచి పుట్టే ఇంకో విషాన్ని పట్టే రెండో మందుతో చేసిన పరీక్షలోనూ విషం జాడ లేదు. పిన్నిగారు చిటికెడు మేత వేయించి, మర్నాడు పొద్దున మళ్ళీ పరీక్షించింది. కొత్త మేత మలినం కూడా మాయమైంది, మళ్ళీ పసుపే. వకుళ గెంతలేదు. "ఇప్పుడు సరేనా పిన్నిగారూ?" అని మెల్లగా అడిగింది.

"సరే" అంది ఆవిడ.

ప్రయాణం సందడిలోనే తెరచాపను కవరులో తెచ్చింది. నీళ్ళ వేడి ఒకటయ్యేందుకు కవరును తొట్టిలో తేల్చారు. తొట్టి నీళ్ళు కొంచెం కొంచెంగా కవరులోకి పోస్తున్నారు. బయట ఆటో హారన్ మోగింది. పిన్నిగారి భర్త రైలు టైమైపోతోందని కేకేశాడు. పిన్నిగారు కంగారుగా కవరు అందుకుంది.

"ఇక చాల్లే, వదిలేద్దామా?"

వకుళ ఆవిడ చెయ్యి పట్టుకుంది. "ఆగండి పిన్నిగారూ. ఇంకాసేపు. కొత్త నీళ్ళు దానికి అలవాటు కావాలి కదండీ. మీరు వెళ్ళండి, నేను చూసుకుంటాను."

పిన్నిగారు ఆ పిల్లకేసి చూసింది. కళ్ళు చెమర్చాయి, నవ్వూ వచ్చింది. కవరు ఆ పిల్ల చేతిలోనే వదిలి, ఆటో ఎక్కింది.

వకుళ తీరిగ్గా అంతా అయ్యాక తెరచాపను చిన్న వలతో ఎత్తి తొట్టిలోకి వదిలింది. అది భయంగా మోటారు వెనక దాక్కుంది. వకుళ గాజు మీద వేలు పెట్టలేదు. దాని భయం దానంతటదే తీరనీ అని దూరంగా కూర్చుంది. మర్నాడూ అంతే. ఆ పైన ఒక పొద్దున మేత వేయడానికి వస్తే, పిలవకుండానే తెరచాప గాజు దగ్గరికి వచ్చి ఆమె ఎదురుగా నిలబడింది. అప్పుడు వేలు పెట్టింది. అది కదల్లేదు.

ఆ వేళ మామ్మ అన్నంలోకి పెరుగు వడ్డించింది. గరిట గుచ్చితే గడ్డ విరిగింది. "ఎవరూ కెలకలేదు, అందుకే" అంది మామ్మ, ఎవరి వంకా చూడకుండా.

ప్రాణమున్నదాన్ని ఇంటికి తెచ్చుకునే ముందు దానికి చోటు సిద్ధం చెయ్యాలి; అది సిద్ధమయ్యేదాకా ఆగలేనివారి ముచ్చట ఆ ప్రాణానికే ముప్పు.