కోమో సరస్సు ఒక కాలికి దారి ఎందుకు లేదు?

ఒకప్పుడు మా సరస్సుకు కాళ్ళు లేవు. తల ఉండేది, నడుం ఉండేది, అక్కడితో సరి. ఇటలీలో, మంచుకొండల కింద ఉంటుందిలే మా ఊరు. పేరు కోమో. అప్పటికే ఊరు ఉంది, మేమూ ఉన్నాం. మేమంటే మా ముత్తవ్వల ముత్తవ్వలు. తెలివితేటల్లో మాకూ వాళ్ళకూ పెద్ద తేడా ఏం లేదు.

మా ఊళ్ళో ఇంటింటా పట్టుపురుగులు పెంచేవాళ్ళం. పట్టుపురుగుకు ఈదురుగాలి తగలకూడదు, చప్పుడు వినపడకూడదు, చలి వేయకూడదు. అందుకని కిటికీలు మూసేసి, సందుల్లో పాతగుడ్డలు కుక్కి, మల్బరీ ఆకు వేసి, నోరు మూసుకుని కూర్చునేవాళ్ళం. పట్టు వచ్చేది. దాంతో మాకొక నమ్మకం కుదిరిపోయింది. లోకంలో దేన్నైనా సరే, తలుపులు మూసి వెచ్చగా ఉంచితే బాగుపడుతుందని. జలుబుకు అదే మందు. పిల్లలకు అదే చదువు.

ఒకరోజు పై కొండల్లోంచి అద్దా అనే నది దిగి వచ్చింది. చిన్నపిల్ల, ఒళ్ళంతా పరుగే. సరస్సు నడుం దాకా వచ్చేసరికి ఎదురుగా కొండ అడ్డం నిలబడింది.

"ఎవరైనా ఉన్నారా? కింద మైదానంలో పొలాలు ఎండిపోతున్నాయి. వాటికి నీళ్ళిచ్చి నేను సముద్రం చేరాలి. ఎటు పోను?" అని అడిగింది.

ఆ కొండకు ఎడమవైపు లోయలో లెక్కో అనే ఊరు. వాళ్ళు ఇనుము కొట్టేవాళ్ళు. సుత్తుల మోతలో వాళ్ళకేమీ వినపడలేదు. కుడివైపు లోయలో మేం. మా ఊరు నిశ్శబ్దం కదా, మాకు చక్కగా వినపడింది. నది ఖర్మ అది.

ఊళ్ళో పట్టుపురుగుల సంగతంతా చూసేది ఓర్సోలవ్వ. ఆమె మాటకు తిరుగులేదు. ఆమె ఒడ్డుకు వచ్చి, "ఇటు రా తల్లీ, ఎంత దూరం నుంచి వచ్చావో ఏమో," అని పిలిచింది.

ఆ పిలుపులో ప్రేమ ఉంది. అబద్ధం కాదు. నది సంతోషంగా కుడివైపు తిరిగి, మా లోయలోకి ఒక కాలు చాపింది.

అవ్వ నీళ్ళలో చెయ్యి పెట్టి చూసింది. "అయ్యో, ఒళ్ళు మంచుగడ్డలా ఉందే. పిల్లకు గాలి తగులుతోంది."

నిజమే, లోయ అటు చివర తెరిచి ఉంది. గాలి అటునుంచే వచ్చేది. నది పోవాల్సిన దారీ అదే. ఆ రెండో సంగతి మాకెవరికీ తట్టలేదు.

"ముయ్యండి," అంది అవ్వ.

మూసేశాం. బండలు మోశాం, మట్టి పోశాం, సందుల్లో మా పాత పావడాలు కుక్కాం. అదంతా మునివేళ్ళ మీద నడుస్తూ, గుసగుసలాడుకుంటూ చేశాం, పిల్ల ఉలిక్కిపడుతుందని. మేం పనిచేస్తే గట్టిగా చేస్తాం, ఆ ఒక్కటీ ఒప్పుకోవాలి. చివర్లో ఎవరో మహానుభావుడు గంపెడు మల్బరీ ఆకు కూడా తెచ్చి నీళ్ళలో పోశాడు.

నది వచ్చి ఆ గట్టుకు కొట్టుకుంది. "అవ్వా, దారేదీ?"

"దారెందుకు తల్లీ, పడుకో."

"నేను ఆగిపోతే నదిని కాను అవ్వా. కింద పొలాలు నాకోసం చూస్తున్నాయి."

"ష్, కదలకు. ఇప్పుడే కాస్త కుదురుకుంటున్నావు."

నది బతిమాలింది, ఏడ్చింది. మేం దాని మీద దుప్పటి కప్పాలా వద్దా అని మాట్లాడుకున్నాం. రోజులు గడిచాయి. నీళ్ళ మీద నాచు పట్టింది. గొంతు సన్నబడింది, ఆఖరికి అదీ ఆగిపోయింది.

"పడుకుంది," అని మేం ఒకరి వీపు ఒకరు తట్టుకున్నాం.

అవ్వ మాత్రం వంగి నీళ్ళకు చెవి ఆనించింది. గూడు కట్టబోయే పురుగు నిశ్శబ్దం వేరు, చచ్చిపోతున్న పురుగు నిశ్శబ్దం వేరు. ఆ తేడా ఆమెకు బాగా తెలుసు. ఆమె గబుక్కున లేచింది.

"తవ్వండి. పిల్ల చచ్చిపోతోంది."

తవ్వాం. పారలు విరిగాయి గానీ గట్టు కదల్లేదు. అంత బాగా కట్టాం మరి. అవ్వ నడుంలోతు నీళ్ళలోకి దిగి ఏడ్చింది.

"నా చేతులతో నేనే నిన్ను చంపుకుంటున్నానే తల్లీ. లే, వెనక్కి పో. అవతలి లోయలో కమ్మరులున్నారు. కొలిమి వేడికి వాళ్ళు ఎన్నడూ తలుపులు మూయరు. అటు పో."

నది ఉన్న సత్తువంతా కూడగట్టుకుని వెనక్కి పాకింది. ఎడమ లోయలోకి ఇంకో కాలు చాపింది. లెక్కోలో ఒక కమ్మరి, పేరు బర్తోలో, పనిలోంచి తలైనా ఎత్తకుండా, "తెరిచే ఉందిగా, పో," అన్నాడు.

అంతే, నదికి ప్రాణం లేచొచ్చింది. అటునుంచి గలగలా మైదానంలోకి దిగింది. పొలాలు తడిశాయి.

కానీ మా లోయలో చాపిన కాలు మాత్రం ఊడి రాలేదు. "అవ్వా, నా కాలొకటి మీ దగ్గరే ఉండిపోయింది," అని నది దూరం నుంచి కేకేసింది.

"మేం చూసుకుంటాంలే తల్లీ," అన్నాం అందరం ఒక్క గొంతుతో. ఆ మాట విన్నాక నది ఎందుకంత వేగంగా పారిపోయిందో మాకు ఇప్పటికీ అర్థం కాదు.

అప్పటినుంచే మా సరస్సుకు రెండు కాళ్ళు. లెక్కో వైపు కాల్లోంచి నది బయటికి పోతుంది. మా వైపు కాలికి దారి లేదు. కొండల మీద పెద్దవాన కురిసినప్పుడల్లా ఆ నీళ్ళు మెల్లగా లేచి, మా ఊరి చౌరస్తాలోకి వచ్చి, గుమ్మం గుమ్మం దగ్గరా ఆగి దారి అడుగుతాయి. మేం చీలమండల దాకా తడిసి, తలలు వంచుకుని నిలబడతాం. చెప్పడానికి మా దగ్గర దారి ఉంటే కదా.