రోకలితో మంచుకొండ ఎక్కిన ఎర్నమ్మ

అనగా అనగా, మీ ముత్తాతల ముత్తాతలు పాలపళ్ళతో తిరిగే కాలంలో, ఒక మంచుకొండ. ఆ కొండ కింద ఒక ఊరు. ఏ దిక్కున అని అడక్కండి, నాకూ తెలియదు. నేను అడిగినప్పుడు మా అమ్మమ్మ "కథ వింటావా, దారి అడుగుతావా?" అని కసిరింది.

ఆ ఊళ్ళో ఎర్నమ్మ అని ఒకామె. ఇంటింటికీ వెళ్ళి వడ్లు దంచడం ఆమె పని. నా అన్నవాళ్ళు లేరు. ఉన్నదల్లా ఇనప పొన్ను వేసిన రోకలి, ఒక దంపుడు పాట. ఇంకొక జబ్బు కూడా ఉండేది: దేన్ని చూసినా "ఎందుకు?" అనడం. కోడి ఒంటికాలి మీద ఎందుకు నిలబడుతుంది? పొగ పైకే ఎందుకు పోతుంది? ఊళ్ళో ఆడవాళ్ళు నవ్వి, "దంచవే తల్లీ, దంచు" అనేవారు.

కొండ నెత్తిన ఒక మడుగు. మంచు కరిగితే అది నిండి, నీళ్ళు కాలవలోకి దిగి, ఊరి పొలాలన్నీ తడిసేవి. ఒక ఏడు కాలవ ఎండిపోయింది. మడుగు నోటికి మంచుగడ్డ అడ్డం పడిందన్నారు పెద్దలు. నాట్లకి ఇంకా రెండు నెలలుంది. ఆలోగా నీళ్ళు రాకపోతే ఊరు ఖాళీ చేసి పోవలసిందే.

ఎక్కి కొట్టేస్తే సరిపోదా అంటారా? ఆ ఊరికి ఒక కట్టుబాటు ఉంది. కొండమీద ఉండగా పొద్దు గుంకకూడదు. గుంకితే కొండతల్లికి కోపం. అందుకని ఎవరైనా తెల్లారి బయల్దేరి, ఒక్క పరుగున ఎక్కి, ఒక్క పరుగున దిగాలి.

మొదట ఒక వస్తాదు వెళ్ళాడు. పరుగున ఎక్కాడు. తల పట్టుకుని, వాంతులు చేసుకుంటూ దిగాడు. తర్వాత బండలెత్తే మొనగాడు వెళ్ళాడు. పరుగున ఎక్కాడు. తాగినవాడిలా తూలుతూ, పెళ్ళాం పేరు మరచిపోయి దిగాడు. మూడోవాడు ఊరందరిలోకీ వేగం గలవాడు. పరుగున ఎక్కాడు. దిగలేదు.

"తల్లి కోపం" అన్నారు అందరూ.

"మరి మేకల మీద కోపం ఎందుకు లేదు?" అంది ఎర్నమ్మ.

నిజమే. మేకలు అంత ఎత్తునా మేస్తూనే ఉన్నాయి. అయితే అవి పరుగెత్తవు. ఈ రోజు ఇక్కడ, నాలుగు రోజులకి ఆ పైన. ఎర్నమ్మ రోకలి భుజాన వేసుకుని ఊరిపెద్ద దగ్గరికి వెళ్ళింది.

"నాయుడుబాబూ, నానెల్తాను. గానీ నెల్లాళ్ళు పడతాది."

"కొండెక్కమంటే కాపురం పెడతానంటావేటే? పొద్దు గుంకితే తల్లి ఊరుకోదు!"

"ఊరుకోకపోతే నన్నే కదా బాబూ అంటాది. మిమ్మల్నేటీ అనదు."

నాయుడు ఒకసారి కొండవైపు చూసి, వెళ్ళమన్నాడు.

ఎర్నమ్మ పాడుకుంటూ ఎక్కింది. "దంచవే, దంచవే, ధాన్యలచ్చిమి నవ్వ" అని ఆమె పాట. గడ్డి చదును దాటేసరికి "ధాన్య" దగ్గర ఊపిరి తెగింది. కూర్చుంది. కాసేపటికి లేచి పాడింది. మళ్ళీ తెగింది. తల పోటెత్తింది. సరే, కిందికి దిగితే ఏమవుతుందో చూద్దామని చదునుకి దిగింది. పోటు తగ్గింది! ఆమెకి ఎంత ఆనందమో చెప్పలేను. రోగం తగ్గినందుకు కాదు, సంగతి తెలిసినందుకు.

అక్కడినుంచి అదే పని. పొద్దున్న పాట తెగేదాకా ఎక్కడం, పడుకోవడానికి కిందికి దిగడం. చదును దగ్గర కొన్నాళ్ళు, గడ్డి ఆగిపోయే రాళ్ళ దగ్గర కొన్నాళ్ళు, మంచు అంచున కొన్నాళ్ళు. నిన్న తెగినచోట ఇవాళ తెగేది కాదు. కింద ఊరివాళ్ళు నుదుటికి చెయ్యి అడ్డం పెట్టి చూసి, "మళ్ళీ దిగిపోతోందర్రా!" అని తిట్టుకునేవారు.

నెల నిండింది. మంచు అంచున పాట మొత్తం తెగకుండా వచ్చింది. రేపు మడుగు దగ్గరికి వెళ్ళవచ్చు. సరిగ్గా అప్పుడే నాయుడి కొడుకు బంగారినాయుడు గునపం పట్టుకుని పరుగున వచ్చాడు.

"ఆగు బాబూ, కూకో" అంది ఎర్నమ్మ.

"నీలాగ కూకుంటే ఊరు ఎండిపోద్ది!" అని ఆమెని దాటిపోయాడు.

వెనకే వెళ్ళింది. మడుగు కనబడేచోట మంచులో పడి ఉన్నాడు. పెదాలు నీలంగా ఉన్నాయి.

"బాబూ, నీ పేరేటి?"

వాడికి తెలియలేదు.

ఎర్నమ్మ మడుగు వైపు చూసింది. అడ్డం పడ్డ గడ్డ అక్కడే, పిలిస్తే పలికేంత దూరంలో ఉంది. కొడితే ఇవాళే నీళ్ళు. కానీ కొట్టేలోగా వీడు ఉండడు. ఆమెకి ఏడుపొచ్చింది, ఏడ్చింది కూడా. రోకలి మంచులో పాతేసి, వాణ్ణి వీపున వేసుకుని దిగింది. మంచు అంచు దగ్గర దింపి పేరడిగింది. తెలియదన్నాడు. రాళ్ళ దగ్గర దింపి అడిగింది. తెలియదన్నాడు. చదును దగ్గర దింపి అడిగింది.

"బంగారినాయుణ్ణి" అన్నాడు వాడు. చెప్పి, చంటిపిల్లాడిలా ఏడ్చాడు.

ఆమెకి నడుం పట్టేసింది. ఆ చదునులోనే పన్నెండు రోజులు లేవలేదు. బంగారినాయుడే గంజి కాచి పోశాడు. పదమూడో రోజున ఇద్దరూ పాడుకుంటూ ఎక్కారు. ఈసారి ఎవరి పాట తెగినా ఇద్దరూ కూర్చున్నారు. నాట్లకి మూడు రోజులు ఉందనగా రోకలి పోటుకి గడ్డ పగిలింది.

నీళ్ళు ఒక్క పూటలో ఊరు చేరాయి. ఎర్నమ్మ మూడు రోజులకి చేరింది. అప్పటికి నాట్లు పడుతున్నాయి. గట్టున నిలబడి చూసి, "ఎవరింట్లోనైనా వడ్లున్నాయా, దంచడానికి?" అంది.

తర్వాత చాలా ఏళ్ళు బతికింది. దంచుతూనే, "ఎందుకు?" అంటూనే ముసలిదై, ఒక ఎండాకాలం కన్ను మూసింది. మడుగు దగ్గరే దహనం చెయ్యాలని ఊరంతా ఒక్కమాట మీద నిలబడింది. పాడె కొండెక్కింది. ముందుకొమ్ము బంగారినాయుడు పట్టాడు. అప్పటికి ఊరిపెద్ద అతనే. తలంతా నెరిసిపోయింది.

మనకి తెలిసిందే కదా, పాడెని దారిలో ఒక్కచోటే దింపాలి. దింపుడు కళ్ళం దగ్గర చెవిలో మూడుసార్లు పేరు పిలిచి, మళ్ళీ ఎత్తితే ఇక ఆగకూడదు. వాళ్ళు దాన్ని చదును దగ్గర దింపి ఎత్తారు. రాళ్ళ దగ్గరికి వచ్చేసరికి మోసేవాళ్ళకి ఊపిరి ఆడలేదు. నోరెత్తడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు.

"దింపండి" అన్నాడు బంగారినాయుడు.

"తప్పు కదా నాయుడుబాబూ?"

"నాకు ఊపిరాడ్డం లేదురా. దింపండి. ఆవిడికి తొందరేటీ లేదు."

దింపారు. చెవిలో పేరు పిలిచి కూర్చున్నారు. మంచు అంచున మళ్ళీ దింపారు, మళ్ళీ పిలిచారు.

ఇప్పటికీ ఆ ఊళ్ళో ఎవరు పోయినా, దారి ఎంత దగ్గరైనా, పాడెని మూడుచోట్ల దింపుతారు. మోసేవాళ్ళలో ఎవరికి అలుపొచ్చినా "దింపండి" అంటాడు. ఎంత మొనగాడైనా అంటాడు. మిగతావాళ్ళు నవ్వరు. దింపి, అతని పక్కన కూర్చుంటారు.