తొర్ర వాకిట్లో ఆరా

అనగనగా ఒక అడవి. ఎండాకాలం వస్తే ఆకంతా రాలి, రాళ్ళు సెగలు కక్కే అడవి. అందులో ఒక నల్లమద్ది చెట్టు తొర్రలో తేనెటీగలు పట్టు పెట్టుకున్నాయి. నల్లమద్ది బెరడు చూశారా పిల్లలూ, అచ్చం మొసలి వీపులా ఉంటుంది. సరే, కథలోకి వద్దాం.

నీళ్ళు మోసే ఈగలు వాగు నుంచి చుక్కలు తెచ్చి మైనం మీద అద్దేవి. వాకిట్లో కొన్ని ఈగలు రెక్కలతో విసిరేవి. దాంతో లోపల పిల్లల గదులు చల్లబడేవి. ఇంట్లో కూలర్ చేసేదీ అదే పని. మా కూలర్ తుప్పు పట్టిపోయింది గాని, ఆ సంగతి వదిలేయండి.

ఆ వాకిటి కాపలాకు పెద్ద ముల్లక్క. ఒకరోజు పక్క గుట్ట మీది దొంగ ఈగ ఒకటి, మేతకెళ్ళి వచ్చేవాళ్ళ గుంపులో కలిసి లోపలికి దూరింది. కడుపునిండా తేనె తాగి, ముల్లక్క పక్కనుంచే ఎగిరిపోయింది.

"కాపలా అంటే కళ్ళు తెరుచుకుని నిద్రపోవడం కాబోలు," అంది ఒక చెల్లెలు. అందరూ నవ్వారు. ముల్లక్క తల దించుకుంది.

మర్నాడు అందరినీ పిలిచి చెప్పింది. "ఇకమీదట వచ్చే ప్రతి ఈగా, పోయే ప్రతి ఈగా ఆగాలి. ఎక్కడినుంచి, ఎక్కడికి, ఏం మోస్తున్నావు, ఎంత? అన్నీ చెప్పాలి. విన్నవాళ్ళు గుర్తుపెట్టుకోవాలి."

విసిరే ఈగల్లో సన్నరెక్క అంది. "పదిమందిలో ఒకరిని ఆపి వాసన చూస్తే చాలదా అక్కా? గుంపుగా వస్తే ఎలాగూ దొరికిపోతారు."

"నిన్న వచ్చింది ఒక్కటే కదే. అది మిగతా తొమ్మిదిమందిలో ఉంటే? మళ్ళీ నవ్వేది నన్ను చూసే."

అడిగేవాళ్ళు చాలలేదు. విసిరేవాళ్ళలో సగంమందిని ముల్లక్క అటు పెట్టింది. విన్నవాళ్ళ బుర్రలు నిండిపోయాయి. కొత్తది చేరితే పాతది జారిపోతోంది. గుర్తుపెట్టుకోవడానికి నీళ్ళు మోసేవాళ్ళను పెట్టింది. విన్నదంతా పట్టుకు రాణి అయిన అమ్మ ఈగకు చేరవేయాలి కదా, దానికి మిగిలిన విసిరేవాళ్ళను పెట్టింది.

"పిల్లల గదులు వేడెక్కుతున్నాయక్కా," అంది సన్నరెక్క వెళుతూ.

"ఈ వరస అవనీ, చూద్దాం."

వరస అవలేదు. ఈగలు ఒకదాని వీపు మీద ఒకటి ఎక్కి నిలబడ్డాయి. వాకిట్లో గాలి దూరే సందు లేదు. నీళ్ళు మోసేవాళ్ళలో మిగిలిన ఒకే ఒక్క ముసలి ఈగ ఆ వరసలోనే ఉంది. దాని నోట్లో నీటిచుక్క ఉంది. అది మాట్లాడకుండా లోపలికి చూపించింది.

"ఏ వాగు నుంచి?" అంది ముల్లక్క.

ముసలి ఈగ జవాబు చెప్పడానికి నోరు తెరిచింది. చుక్క జారి, ఎండిన బెరడు మీద పడి ఇంకిపోయింది.

మిట్టమధ్యాహ్నానికి మైనం మెత్తబడింది. పట్టంతా ఊడి, పిల్లల గదులతో సహా తొర్ర అడుగున పడింది. ముల్లక్క లోపలికి పరుగెత్తింది. తేనెలో మునిగిన పిల్లలు కదలడం లేదు. సన్నరెక్క వాళ్ళమీదికి వంగి, రెక్కలు ఆడిస్తూనే ఉంది.

"ఇంకెందుకే?" అంది ముల్లక్క.

సన్నరెక్క ఆపలేదు.

సాయంత్రం తేనె వాసన పట్టుకుని పక్క గుట్ట దొంగలు గుంపుగా వచ్చారు. మిగతావాళ్ళంతా కూలిన పట్టు దగ్గరే ఉన్నారు, వాకిట్లో ముల్లక్క ఒక్కతే ఉంది. వాళ్ళు ఆమె పక్కనుంచే లోపలికి వెళ్ళారు. ఆమె ఎవరినీ ఏమీ అడగలేదు.

నీతి: కాపలా ఉండేది లోపలి ప్రాణాల కోసం. ఆ ప్రాణాలను నిలబెట్టే వాళ్ళందరినీ కాపలాకే వాడేస్తే, చివరికి కాయడానికి ఏమీ మిగలదు.