పెద్దస్వామి ఊపిరి

పెద్దస్వామి గొంతు చెడిపోయిందని విఠల్‌కి దిగులు పట్టుకుంది.

ఏమీ లేని బయలే సత్యమని నమ్మే ఆ అచల మఠంలో ఆయన బోధను రికార్డు చేసింది ఒక్కసారే. ఆయన పోయాక చూస్తే ఆ ఫైలు నడిమధ్యకు వచ్చి ఆగిపోతోంది. తెల్లవారితే ఆయన పేరిట ఆరాధన. వచ్చేవాళ్ళంతా ఆ గొంతు కోసమే వస్తారు.

విఠల్ లెక్కల్లో చురుకు. ఎవరూ నేర్పకుండానే ప్రోగ్రాములు రాయడం పట్టేశాడు. పాడైనచోట పక్కనున్న ముక్కనే తెచ్చి తెచ్చి నింపాడు. ఫైలు ఆగకుండా నడిచింది.

"పెద్దస్వామి ఆయాసపడుతున్నారనుకుంటారు గానీ, అతుకని ఎవరూ కనిపెట్టలేరు స్వామీ!" అన్నాడు, పెద్దస్వామి తర్వాత మఠం చూస్తున్న గురువు రాజలింగయ్యతో.

రాజలింగయ్య కళ్ళు మూసుకుని అంతా విన్నారు.

"ఇనబడదు సరే బిడ్డా. కనబడ్తదా?"

విఠల్‌కి హుషారొచ్చింది. ఫైలంటే లోపల అంకెలే కదా. సున్నాకు నలుపు, అన్నిటికంటే పెద్ద అంకెకు తెలుపు, మధ్యవాటికి బూడిదరంగు. ఒక్కో అంకెను ఒక్కో చుక్క చేసి వరసలుగా పేర్చాడు. కంప్యూటర్ తెరమీద గొంతు బొమ్మయింది.

పైనంతా ఇసుక చల్లినట్టుంది. ఏ రెండు చోట్లూ ఒకలా లేవు. కిందా అంతే. నడుమ మాత్రం చాప అల్లినట్టు ఒకే గీత, మళ్ళీ మళ్ళీ.

"నేను నింపిన చోటే ఎంత పద్ధతిగా ఉందో చూడండి!"

"గా ఒక్క జాగ ఇనిపియ్యి."

విఠల్ అక్కణ్ణుంచి పెట్టాడు.

పెద్దస్వామి ఊపిరి పీల్చారు. ఏదో చెప్పబోతూ పీల్చే ఊపిరి. మాట రాలేదు. మళ్ళీ పీల్చారు. అదే ఊపిరి, చివర అదే సన్నటి గురక. మళ్ళీ. పీల్చడమే గానీ వదలడం లేదు.

ఆపేద్దామనుకున్నాడు విఠల్. వేలు కదల్లేదు. చనిపోయిన మనిషి ఆ గదిలోనే ఎక్కడో కూర్చుని, ఊపిరి వదలడానికి తన సెలవు కోసం చూస్తున్నట్టుంది.

రాజలింగయ్య లేచారు. భుజమ్మీది కండువా తీసి తెరమీది ఆ గీతల్ని కప్పారు, పోయినవాళ్ళ మొహం మీద గుడ్డ కప్పినట్టు.

"ఇగ ఆయన్ను ఇడిచిపెట్టు బిడ్డా."

విఠల్ నింపిందంతా తీసేసి, ఆ మేర సున్నాలు పెట్టాడు. ఇసుక నడుమ నల్లటి పట్టీ మిగిలింది.

మర్నాడు బోధ సాగుతూ సాగుతూ ఆ నల్లటి పట్టీ దగ్గర ఆగింది. జనం కదల్లేదు. ఎవరూ దగ్గను కూడా లేదు. గోడవారన నిలబడ్డ విఠల్‌కి తన ఊపిరి తనకు వినిపించింది. మెల్లగా వదిలాడు.